ఒంటాకు మొలిచే చోటు

నేను కోనసీమకి ఒక పువ్వు కోసం వెళ్ళాను. పువ్వు లేకుండా తిరిగొచ్చాను. మా సంఘంలో ఎవరైనా దూర ప్రయాణం చేసి వస్తే, ఆ ఆదివారం ఆరాధనలో నిలబడి దేవుడు తమని ఎలా నడిపించాడో చెప్పడం ఆనవాయితీ. నేనూ నిలబడ్డాను. క్షేమంగా వెళ్ళొచ్చానని రెండు మాటలు చెప్పి కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది మార్కాపురం వైపు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను, ఆదివారాలు పిల్లలకి వాక్యం చెబుతాను. రెండు పనులూ నాకు నేర్పింది సుగుణ మేడమే. ఎండబెట్టిన మొక్కల్ని కాగితాలకి అంటించి, ఏ చోట దొరికిందో రాసి దాచే గది మా కాలేజీలో ఉందంటే అది ఆవిడ చలవ. ఆదాము జంతువులకీ పక్షులకీ పేర్లు పెట్టాడు గానీ మొక్కలకి పెట్టినట్టు వాక్యంలో ఎక్కడా లేదని, ఆ పని దేవుడు మనకోసం అట్టే పెట్టాడని నవ్వేవారు. మొన్న వేసవిలో ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. బీరువా తాళాలూ, ఆవిడ ఎక్కడికి వెళ్ళినా సంచిలో ఉండే దర్జీ టేపూ నా చేతికొచ్చాయి.

ఆ బీరువాలో ఒక కాగితం ఉంది. దానిమీద ఒకే ఒక్క ఆకు. గుండె ఆకారం, మీద ఊదా రంగు మచ్చలు, సన్నటి కాడ, కాడ కింద బఠానీ గింజంత దుంప. పక్కన మేడం చేతిరాత: రాజోలు దగ్గర ఒక ఊరు, క్రైస్తవుల సమాధుల తోట. ఉత్తరం గోడకి తొమ్మిది అడుగులు, మూల కొబ్బరిచెట్టుకి పద్నాలుగు. ఒకే చోట అయిదు ఆకులు, ఇంకెక్కడా లేవు. దుంప నాలుగు వేళ్ళ లోతున. పువ్వు దొరకలేదు. మళ్ళీ వెళ్ళాలి.

ఇది నేలమీద పెరిగే ఆర్కిడ్ జాతి మొక్క. తొలివానలకి ముందు పువ్వు లేస్తుంది. నాలుగైదు రోజులుండి వాడిపోతుంది. ఆ తర్వాతే ఆకు వస్తుంది. పువ్వూ ఆకూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఆకుని బట్టి ఇది మాకు తెలిసినవాటిలో దేనికీ సరిపోవడం లేదు. కానీ పువ్వు చూడకుండా ఏ మొక్కకీ పేరు ఖాయం చెయ్యకూడదు. పైగా దీని విత్తనం ధూళిలా ఉంటుంది, దానిలో తిండి ఉండదు. ఆ నేలలో ఉన్న ఒక బూజు చేరదీసి పోషిస్తేనే మొలుస్తుంది. ఆ బూజు ఉన్న నేల పోతే మొక్కా పోతుంది.

మేడం మళ్ళీ వెళ్ళలేకపోయారు. ముందు మోకాళ్ళు, తర్వాత గుండె. కాగితం మీద "మళ్ళీ వెళ్ళాలి" అన్న ఆ చివరి మాట నాకు వదిలిన పనిలా కనిపించింది.

బయల్దేరే ముందు ఆదివారం ఆ ఊరి పాస్టరు గారికి ఫోన్ చేశాను. పల్లెటూరి పెద్దాయన, ఆర్కిడ్ అంటే ఏం అర్థమవుతుందిలే అనుకుని, "అయ్యగారూ, మీ సమాధుల తోటలో ఉన్న పిచ్చిమొక్కల సంగతి చూడ్డానికి వస్తున్నానండీ" అన్నాను.

 "ఆయ్, తప్పకుండా రండమ్మా. మీరొచ్చేటప్పటికి మీకే ఇబ్బందీ లేకుండా చూసుకుంటాం" అన్నారు.

ఎంత మర్యాదస్తులో అని సంతోషపడ్డాను. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

కొత్తపేట: ఖాళీ లేని నేల

రావులపాలెంలో దిగి కొత్తపేట బస్సెక్కాను. మొక్కల్ని కాగితాల మధ్య నొక్కే చెక్క చట్రం నా ఒళ్ళో ఉంది. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటండీ, అప్పడాల పీటా?"

"మొక్కల్ని నొక్కేదండీ."

"మొక్కల్నా! పాపం అవేం చేసేయండీ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా వైపు నేల బోలెడంత ఉంటుంది, నీళ్ళుండవు. ఇక్కడ నీళ్ళకి లోటు లేదు, నేలకే కరువు. కొత్తపేటలో నా స్నేహితురాలి బాబాయి గారి తోటలో ఆ సాయంత్రం తిరిగాను. పైన కొబ్బరి, దాని నీడన కోకో, దాని పక్కన అరటి, కింద కంద. చెట్ల మొదళ్ళకి మిరియం తీగ ఎక్కించారు. అరచెయ్యి పట్టేంత అడవి నేల కూడా లేదు. వంగి వంగి చూస్తుంటే ఆయనకి నామీద జాలేసింది.

"ఏం పడిపోయిందమ్మా?"

"ఏమీ పడిపోలేదండీ. దానంతటది మొలిచిందేదైనా ఉందేమోనని చూస్తున్నా."

"దానంతటది మొలిస్తే ఊరుకుంటామాండీ? ఇక్కడ ఖాళీగా ఉండేది మనుషులే గానీ భూమి కాదండీ" అని నవ్వి, ముంజలు చెక్కి చేతిలో పెట్టారు.

మేడం ఆ ఆకుని సమాధుల తోటలోనే ఎందుకు చూశారో అప్పుడు అర్థమైంది. నాటకుండా, దున్నకుండా మనిషి వదిలిపెట్టిన నేల ఈ సీమలో చనిపోయినవాళ్ళదే.

అంబాజీపేట: గంపలో పుట్టగొడుగులు

మర్నాడు అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాను. పనసాకులు నాలుగు కలిపి పుల్లలతో కుట్టిన బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. రెండు పొట్టిక్కలు, చట్నీ, నలభై రూపాయలు. ఆకు విప్పుతుంటే పనస వాసన పిండిలోకి దిగి ఉంది. మా ఊళ్ళో ఆకు అంటే విస్తరి, తిని పారేసేది. ఇక్కడ ఆకు కూడా వంటలో భాగమే. తిన్నాక ఆ బుట్టని విప్పి చదునుచేసి చట్రంలో పెట్టుకుంటే హోటలాయన వింతగా చూసి, "ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలకి చూపిస్తారాండీ?" అని ఇంకో ఖాళీ బుట్ట ఊరికే ఇచ్చాడు.

బస్టాండు బయట ఒకావిడ గంపలో పుట్టగొడుగులు పెట్టుకుని కూర్చుంది. ముందు రోజు జల్లుకి కొబ్బరి తోటల గట్ల మీద పుట్టల్లోంచి లేచినవి. అరిటాకు పరిచి, మట్టి దులిపి, వేటికవి వేరుగా పెట్టింది. ఒక మూల రెండు మాత్రం విడిగా పడేసి ఉన్నాయి.

"అవెందుకమ్మా పక్కన పెట్టావు?"

"కొనేవోళ్ళకి చూపించడానికండీ. ఇది తింటే మీ ఇంటికెళ్తారు. అది తింటే దేవుడింటికెళ్తారు."

"రెండూ ఇళ్ళేగా" అన్నాను.

"ఆయ్, రెండోదానికి తొందరేటండీ!" అంది చటుక్కున. తర్వాత తినేవాటి పేర్లు చెప్పింది. ఏది ఏ నెలలో వస్తుందో, ఏది కడిగితే పాడవుతుందో, నేను పుస్తకంలో చదవని సంగతులన్నీ చెప్పింది. ఆ పక్కన పెట్టినదాని పేరడిగాను.

"దానికి పేరేటుంటాదండీ? పిచ్చిది."

అక్కడ నిలబడి నోట్సు పుస్తకంలో ఆ మాట రాసుకున్నాను. తిననిది, అమ్మనిది, మందుకి పనికిరానిది ఏదైనా జనానికి పిచ్చిదే, అందుకే మా శాస్త్రం కావాలి అని రాసుకున్నాను. కొంచెం గర్వంగానే రాసుకున్నట్టు ఇప్పుడు చూస్తే తెలుస్తోంది.

బండారులంక: తడిసిన కాగితాలు

అమలాపురం వెళ్ళే ఆటోలో ఉండగా వాన దంచేసింది. చట్రంలోని కాగితాలన్నీ తడిశాయి. బండారులంకలో ఒక నేతగాళ్ళ ఇంటి అరుగు మీదికి పరుగెత్తాను. లోపల మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒక పెద్దావిడ నేస్తోంది. నన్ను చూసి పని ఆపింది.

"లోపలికి రండమ్మా. అయ్యో, మీ పుస్తకాలు!"

ఆవిడ చెయ్యి తుడుచుకుని, నా కాగితాలు ఒక్కొక్కటే విడదీసి మగ్గం పైన దండెం మీద ఆరేసింది. ఒకదాని వెనక ఒకటి, చీరలు ఆరేసినంత శ్రద్ధగా. టీ ఇచ్చింది. నేనెవరో, ఏ కులమో, ఏ దేవుడో అడగలేదు. కాగితాలు ఆరేదాకా ఎందుకొచ్చానో చెప్పాను. పువ్వు ఎన్నాళ్ళుంటుందని అడిగింది. నాలుగైదు రోజులన్నాను.

"మరిక్కడ కూచుని టీ తాగుతారేటండీ? బేగి వెళ్ళండి!" అని నన్నే కోప్పడింది.

అప్పటికి ఒక రోజు ఆలస్యమైపోయిందని ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

రాజోలు దాటి

శనివారం పొద్దున్నే అమలాపురంలో బస్సెక్కాను. నగరం అనే ఊరి దగ్గర కొబ్బరి తోటల మధ్య గ్యాసు పైపు ఎక్కడెక్కడ పోతోందో తెలియడానికి పాతిన గుర్తులు కనిపించాయి. నేలలో ఏముందో పైన గుర్తు పెట్టకపోతే ఎవరో ఒకరు తవ్వేస్తారు. అప్పుడు అంతకుమించి ఆలోచించలేదు.

ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళ తప్పేమీ లేదు, ఉన్నట్టు ఎవరూ అనుకోకూడదు.

బస్సు దిగేసరికి అయ్యగారు గొడుగుతో నిలబడి ఉన్నారు. అరవై దాటిన సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఆయన భార్య, సంఘమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, నా మెడలో కనకాంబరాల దండ వేసింది. ఇంటికి తీసుకెళ్ళి చింతచిగురు రొయ్యలు, పనసపొట్టు కూర, పెరుగు, మామిడిపండు పెట్టారు. వద్దన్నకొద్దీ వడ్డించారు. మా వైపు అతిథిని "చాలా?" అని అడుగుతారు. ఇక్కడ అడగరు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వడ్డించేస్తారు.

"ముందు తోట చూద్దామండీ" అన్నాను చెయ్యి కడుక్కుంటూనే.

"ఆయ్, పదండమ్మా. మీరు చూసి సంతోషపడాలి" అన్నారు అయ్యగారు.

కాలవ పక్కన సమాధుల తోట. గోడలకి కొత్తగా సున్నం వేశారు. గేటుకి రంగు. గేటు నుంచి దారికి రెండువైపులా ఇటికలు ఏటవాలుగా పాతారు. లోపల నేలంతా పారలతో చెక్కేసి, చదును చేసి ఉంది. గడ్డిపోచ లేదు. నేలమీద అక్కడక్కడ తెల్లగా మెరుస్తోంది.

"ఒక్క పిచ్చిమొక్క కనిపిస్తే నన్నడగండమ్మా" అన్నారాయన. ఆ గొంతులో ఎంత సంబరమో. "గురువారం నాడు మా కుర్రాళ్ళు పాతికమంది దిగేరు. మళ్ళీ మొలవకుండా ఉప్పు కూడా చల్లేరు."

నేను ఆ తెల్లటి నేల వైపే చూస్తున్నాను. ఆయన ఆ చూపుని వేరేగా అర్థం చేసుకున్నారు.

"మామూలుగా అయితే నవంబరులో సమాధుల పండక్కి తప్ప ఇక్కడ పార పెట్టమండీ. మీరు ఫోన్ చేసేక సిగ్గేసిందమ్మా. తోట పిచ్చిమొక్కలతో నిండిపోయిందని అంతదూరం మాట వెళ్ళిందంటే... మీరు చదువుకున్నవాళ్ళు, ఆపైన సంఘపు మనిషి. మీకు ఆ తోట అలాగే చూపిస్తామాండీ?"

నవంబరు!  నవంబరుకి ఆ ఆకు ఎండి, దుంప నేలలో నిద్రపోతూ ఉంటుంది. పైపైన గడ్డి చెక్కితే దానికేమీ కాదు. ఇన్నేళ్ళూ ఈ సంఘం తనకి తెలియకుండానే, పండగ నాడు మాత్రమే పార పట్టి, దాన్ని కాపాడుతూ వచ్చింది. నేను వస్తున్నానని ఈసారి జూన్‌లో పట్టింది. సరిగ్గా పువ్వు లేచే వారం.

అక్కడే ఒక సమాధి గట్టు మీద కూర్చుని ఆయనకి అంతా చెప్పాను. చెబుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను.

"మరి పువ్వు కోసమని ఒక్క మాట చెప్పకపోయేరా అమ్మా" అన్నారు. అందులో నింద లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పేర్లు పెట్టడం నా పని. పేరు లేనిదాన్ని పిచ్చిదనకూడదని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. అంబాజీపేటలో ఆ గంప ముందు నిలబడి గర్వంగా రాసుకున్నదాన్ని. ఆ మాటే నేను ఫోన్లో వాడాను.

చెక్కిన మట్టీ గడ్డీ కాలవ గట్టు మీద పోశారని చెబితే అటు నడిచాం. అయ్యగారు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ కుప్పని నాతోపాటు వేళ్ళతో విడదీశారు. గడ్డి అప్పటికే కుళ్ళుతోంది. రెండు గంటలు వెతికాక జానెడు కాడ ఒకటి దొరికింది. చివర గోధుమ రంగు పీలిక అంటుకుని ఉంది.

"ఇదేనాండీ?"

"ఇదేనండీ. పూసింది."

ఆయన ఆ కాడని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. "గోధుమల్లో గురుగుల ఉపమానం ఎన్నిసార్లు ప్రసంగించేనో లెక్కలేదమ్మా. గురుగులు పీకితే గోధుమలు కూడా వచ్చేస్తాయి, కోతదాకా రెండింటినీ ఎదగనివ్వండి అని యజమాని చెబుతాడు కదా. చెప్పడమే గానీ..." అని ఆగిపోయారు.

ఉప్పు గురించి కూడా మేం ఎంతో చెబుతాం. మీరు లోకానికి ఉప్పు అని పిల్లల చేత వల్లె వేయిస్తాం. పట్టణాన్ని పడగొట్టి దాని మీద ఉప్పు చల్లిన రాజు సంగతి మాత్రం సండే స్కూల్లో చెప్పం.

ఆదివారం

ఆరాధనలో అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చాపల మీద ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. గురువారం పార పట్టిన కుర్రాళ్ళు వెనక వరసలో చొక్కాలు దోపుకుని, మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. వాళ్ళని చూసి, దాటవేద్దామా అనుకున్నాను. కానీ దేవుని ఇంట్లో నిలబడి అబద్ధం చెప్పలేను.

"మీరు ఎంతో ప్రేమతో చేశారు. తప్పు నాది" అని మొదలుపెట్టి, మేడం గురించీ ఆకు గురించీ చెప్పాను. గుండె ఆకారం, ఊదా మచ్చలు, నేలకి ఆనినట్టు ఒకే ఆకు అంటుండగా ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఒంటాకాండీ?"

డెబ్భై దాటిన మనిషి. తెల్లచీర కొంగు తలమీద ఉంది. సంతోషమ్మ గారని తర్వాత తెలిసింది. నగరంలో కూతురింటికి వెళ్ళి పది రోజులుండి ముందు సాయంత్రమే వచ్చిందట.

"ఒంటాకుని చెక్కేసేరా?" అని ఆవిడ అయ్యగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు. ఆవిడ చాప మీద నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయింది.

మేం వెళ్ళేసరికి సమాధుల తోటలో ఉత్తరం వైపు గోడ దగ్గర నిలబడి ఉంది. గోడ దగ్గర మొదలుపెట్టి అడుగులు వేస్తుంది, ఆగుతుంది, చుట్టూ చూస్తుంది, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్తుంది.

"ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగాను.

"మా పాపనండీ" అంది.

తొలి కాన్పు. పదకొండు రోజులు బతికింది. బాప్తిస్మం కాకముందే పోయింది, పేరు పెట్టలేదు. రాయి వేయించే స్తోమత లేక భర్త కర్ర శిలువ చేసి పాతితే రెండేళ్ళలో చెదలు తినేశాయి. ఆ తర్వాత వానాకాలంలో అక్కడ ఆకులు లేచాయి. అయిదు. ఇంకెక్కడా లేవు.

"ఏటా వానలు పడ్డాక వచ్చి చూసుకునేదాన్నండీ. ఆకు ఉందంటే పాప అక్కడుందని. రాయి ఎందుకులే, దేవుడే గుర్తు పెట్టేడు అనుకున్నానండీ." కాలితో చెక్కిన నేలని మెల్లగా తడిమింది. "ఇప్పుడు అంతా ఒక్కలాగే ఉందండీ."

మనిషి ఆయువు పొలంలో పువ్వులాంటిదని, గాలి వీస్తే పోతుందని, తర్వాత దాని చోటు కూడా దాన్ని గుర్తుపట్టదని ప్రతి భూస్థాపనలోనూ చదువుతాం. ఆ చోటుని కూడా పోగొట్టుకున్న మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. సంచి విప్పి, మేడం కాగితం నుంచి రాసుకొచ్చిన చీటీ తీశాను. ఉత్తరం గోడకి తొమ్మిది అడుగులు, మూల కొబ్బరిచెట్టుకి పద్నాలుగు. ఒకే చోట అయిదు ఆకులు.

"కాలితో వేసిన అడుగులా అవి?" అడిగారు అయ్యగారు.

"కాదండీ. మేడం కాళ్ళతో కొలిచేవారు కాదు. టేపుతోనే."

సంచిలోంచి మేడం దర్జీ టేపు తీశాను, అది అయిదడుగులే ఉంటుంది. అయ్యగారు గోడ దగ్గర ఒక కొస పట్టుకుంటే నేను నేలమీద పుల్లతో గుర్తు పెట్టుకుంటూ జరిగాను. గోడ నుంచి తొమ్మిది. చెట్టు నుంచి పద్నాలుగు. రెండు గీతలు ఒక చోట కలిశాయి. సంతోషమ్మ గారు ముందుకొచ్చి అక్కడ నిలబడి, గోడనీ చెట్టునీ చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించింది.

"ఇదేనండీ" అంది.

 వెనక నిలబడిన కుర్రాళ్ళలో ఒకడు ఏడుస్తున్నాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన పాప గురించి కాదు. పారలు మూడు వేళ్ళ లోతుకి మించి వెళ్ళలేదు. మేడం తీసిన దుంప ఎంత లోతులో ఉందో ఆ కాగితం మీదే ఉంది, నాలుగు వేళ్ళు. అంటే కింద ఒక దుంప మిగిలి ఉండొచ్చు. తవ్వి, ఆ మట్టితో సహా పట్టుకెళ్తే, కుండీలో బతికితే, రెండు మూడేళ్ళకి పూస్తే, పేరు పెట్టొచ్చు. నా చెయ్యి సంచిలో ఉన్న చిన్న తవ్వుగోల మీదికి పోయింది.

ఆవిడ చూసింది. ఆవిడకి ఏం అర్థమైందో, లేచి పక్కకి జరిగింది.

"తవ్వుకోండమ్మా" అంది. "అంత దూరం నించి వచ్చేరు. ఉత్త చేతుల్తో ఎలా పంపుతామండీ?"

"వద్దండీ."

"మొహమాటపడకండి. పాప ఏమీ అనుకోదు."

విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేసే మనుషులు. ఈ మర్యాదే గురువారం ఈ నేలని చెక్కించింది. ఇప్పుడు బిడ్డ సమాధిని కూడా నా ముందు పెడుతోంది. రెండోసారి దాన్ని అందుకోలేకపోయాను. తవ్వుగోల తీసి అయ్యగారి చేతిలో పెట్టేశాను.

"ఈ చోటు మీదండీ. ఇందులో చెయ్యి పెట్టను. ఉప్పు మాత్రం పోవాలి" అన్నాను.

ఉప్పుదేలిన నేలని మంచినీళ్ళతో కడగడం ఈ సీమవాళ్ళకి కొత్త విద్య కాదు. కుర్రాళ్ళు ముందు పైమట్టిని చేతులతో, పార ముట్టకుండా, ఎత్తి అవతల పోశారు. తర్వాత కాలవ దగ్గర్నుంచి బిందెలతో నీళ్ళు. ఆడవాళ్ళు వరసగా నిలబడి అందించారు. నీళ్ళు నెమ్మదిగా పోయించింది సంతోషమ్మ గారు. "మెల్లగా పొయ్యండర్రా, పసిపిల్ల" అంది ఒకసారి. నాలుగు ఇటికలు తెచ్చి ఆ చోటు చుట్టూ పెట్టారు. దారికి అలంకారంగా నాకోసం పాతిన ఇటికలే అవి.

మధ్యాహ్నం సంతోషమ్మ గారి ఇంట్లోనే తిన్నాను. చేపల పులుసు. వద్దనకుండా తిన్నాను.

ఇంటికొచ్చాక

ఆ కాడ చివరి పీలికని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. పువ్వు రేకులు కొంత మిగిలాయి గానీ, పేరు తేల్చాల్సిన మధ్యరేకు కుళ్ళిపోయింది. మొక్కకి పేరు లేదు. మేడం కాగితం కింద నేనొక చీటీ అంటించాను. స్థానికులు పిలిచే పేరు: ఒంటాకు. చెప్పినవారు: సంతోషమ్మ గారు. చోటు అన్న దగ్గర మేడం రాసిన కొలతలు అలాగే ఉంచి, సంతోషమ్మ గారి పాప సమాధి అని చేర్చాను. దుంప ఒక్కోసారి ఏడాదంతా నేలలోనే నిద్రపోతుందని, ఈ ఏడు రాకపోయినా నిరాశపడొద్దని వచ్చేటప్పుడు ఆవిడకి చెప్పాను. అది నిజమే. కానీ శాస్త్రంగా చెప్పానా, ఓదార్పుగా చెప్పానా అని నన్ను నేనే అడుగుతుంటాను. రాత్రి ప్రార్థనలో ఆ రెండు గీతలు కలిసిన చోటు కోసం ప్రార్థిస్తాను. పేరు కోసం ఇప్పుడు అడగడం లేదు.

ఆగస్టు చివర్లో ఆవిడ ఫోన్ చేసింది. అయ్యగారి ఫోన్లోంచి, చాలా గట్టిగా మాట్లాడింది.

"వానలు బాగా పడ్డాయండీ. ఆకు రాలేదండీ."

నోట్సు పుస్తకం తీసి తేదీ రాసుకున్నాను.

"గడ్డి మాత్రం మొలిచిందండీ. ఇంకేవో మూడు రకాలు కూడా లేచేయి, అవేటో నాకూ తెలీదు. మా కుర్రోళ్ళు పీకేస్తామన్నారు. నేను పీకనివ్వలేదండీ."

"ఎందుకండీ?"

"ఏది ఏదో ఎదిగేదాకా తెలీదు కదండీ" అంది.